బావ ఎత్తిన వేలు

పోయిన శుక్రవారం పొద్దున, క్రికెట్ చూద్దురుగాని రమ్మని మా అల్లుడు నన్ను దోహాలో అల్ ముంతజాలోని తమ ఫ్లాటు నుంచి కారెక్కించి ఊరి బయటి గ్రౌండుకు తీసుకెళ్ళాడు. తీరా అక్కడికి పోయాక, వాళ్ళ జట్టులో మనిషి తక్కువయ్యాడని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం మాని నెత్తిన ఒక తెల్ల టోపీ పెట్టి అంపైరుగా నిలబెట్టాడు. బ్యాటింగు చేసే జట్టే అంపైర్లను ఇవ్వాలనే పద్ధతి ఈ సెలవురోజు ఆటల్లో ఇంకా నడుస్తూనే ఉందట. ఆ మాట వినగానే నాకు ఎన్నేళ్ళ కిందటి ఆట గుర్తొచ్చిందో మా అల్లుడికి తెలియదు. బిడ్డ ఇంటికి మూణ్ణెల్ల కోసం వచ్చిన వాణ్ణి, అల్లుడి మాట కాదనలేక, మోకాళ్ళకు తైలం రాసుకునే ఈ వయసులో ఎండలో నిలబడ్డాను.

సగం ఆట అయ్యేసరికి గాలి లేచింది. నా వీపు మీది నుంచి బ్యాట్స్‌మన్ వైపుకు, ఇసుకను నేల మీద పాకించుకుంటూ పోతోంది. అప్పుడు ఒక బంతి బ్యాటు పక్క నుంచి పోయి కీపరు చేతిలో పడింది, పదకొండు మందీ ఒక్కసారి చేతులెత్తి అరిచారు. నాకు చప్పుడు ఏదీ వినపడలేదు, కాబట్టి తల అడ్డంగా ఊపాను. కీపరు వెనక ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నాడట, ఓవరు కాగానే దాన్ని తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. అందులో 'టిక్' మని చప్పుడు స్పష్టంగా ఉంది. స్లిప్పులో నిలబడ్డ కుర్రాడు, జగిత్యాల వైపు వాడే, ఊరుకున్నాడా?

"తాతా, చెవుల బ్యాటరీ అయిపోయిందా ఏంది? మార్చాల్నా?"

అందరూ నవ్వారు. మా అల్లుడు ముఖం అటు తిప్పుకున్నాడు కానీ, భుజాలు ఊగడం నేను చూశాను. నా చెవులు బాగానే ఉన్నాయని, గాలి అటు కొడుతోందని చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటివి నేను మరచిపోను. మా ఆవిడ దీన్ని రోగమంటుంది, నేను జ్ఞాపకశక్తి అంటాను. ఏదైనా కానివ్వండి, ఆ మధ్యాహ్నం ఏసీ చప్పుడు వింటూ నడుం వాల్చినప్పుడు ఆ కుర్రాడి మాట కన్నా ఆ గాలే నన్ను ఎక్కువ సతాయించింది. ఎందుకంటే సరిగ్గా అలాంటి గాలిలోనే, అలాంటి చోటే నిలబడి, నలభై అయిదేళ్ళ కిందట మా అక్క మొగుడు నా బతుకును ఒక్క వేలుతో అటు నుంచి ఇటు తిప్పేశాడు.

మా ఈడు వాళ్ళకు చెప్పనక్కర లేదు, ఇప్పుడు మెసయీద్ అంటున్న ఊరిని అప్పుడు ఉమ్ సయీద్ అనేవాళ్ళం. చమురు ధర ఆకాశానికి ఎక్కిన రోజులవి. ఎటు చూసినా క్రేన్లు, ఎటు చూసినా సగం కట్టిన ట్యాంకులు, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసుక దిబ్బలు, మధ్యలో పైన ఉప్పు పేరుకుని అడుగు వేస్తే పెంకులా విరిగే చవుడు నేల. ఆ నేల మీద ఎరువుల ప్లాంటు కడుతున్న కాంట్రాక్టు కంపెనీలో నేను ఫిట్టరుకు హెల్పరుని. మా బావ అదే సైటులో ఎయిర్ కంప్రెసరు మీద డ్యూటీ. నాకు విసా ఇప్పించింది ఆయనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చేసిన మేలు దాచి చేయని కీడు చెబుతున్నానని మా అక్క అంటుంది.

మేలు చేశాడు సరే, చేసిన రోజు నుంచే అవమానాలు కూడా మొదలయ్యాయి. నేను క్యాంపులో ట్రక్కు దిగిన మొదటి సాయంత్రం మెస్సు ముందు వరుసలో బావ వీపు కనబడింది. ఏడు సముద్రాలు దాటి వచ్చినంత సంబరంతో రెండుసార్లు గట్టిగా "బావా" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. ప్లేటు పట్టుకుని లోపలికి పోయాడు. వరుసలో ఉన్న ముప్ఫై మంది నన్ను చూసి నవ్వారు. విసా ఇప్పించిన గొప్పతనమని నేను అనుకున్నాను. తరవాత భోజనానికి కూర్చుంటే, నేను ఆయనకు ఎడమ పక్కన కూర్చున్న ప్రతిసారీ లేచి చుట్టూ తిరిగి వచ్చి నాకు అవతలి పక్కన కూర్చునేవాడు. కారణం చెప్పేవాడు కాదు. నేను చెప్పే మాటకు "ఆఁ, ఆఁ" అని తల ఊపి, దానికి సంబంధం లేని ఇంకేదో అడిగేవాడు. హెల్పరు మాటకు విలువేముంటుందని నేను సర్దుకునేవాణ్ణి. సర్దుకునేవాణ్ణి అంటే, లెక్క పెట్టుకునేవాణ్ణి అని అర్థం.

అన్నిటికన్నా కష్టమైంది క్యాసెట్ల విషయం. ఆ రోజుల్లో ఉత్తరాలు రాయలేని వాళ్ళు క్యాసెట్టులో మాటలు నింపి, సెలవుకు వచ్చి తిరిగి పోయేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవాళ్ళు. మా అక్క పంపిన క్యాసెట్టు వచ్చిందంటే బావ టేప్ రికార్డరును కుడి చెంపకు ఆనించుకుని, చప్పుడు పూర్తిగా పెంచి, గదిలోని ఎనిమిది మందికీ ఇంటి సంగతులన్నీ వినిపించేవాడు. వంగి నేను కూడా దగ్గరికి జరిగితే పక్కకు తిరిగేవాడు. మా అక్క కూడా ఆ క్యాసెట్టులో పక్క వాడకట్టు వాళ్ళను పిలుస్తున్నట్టు గొంతు చించుకుని అరిచేది. పల్లెటూరి మనిషి, టేపు ముందు ఎలా మాట్లాడాలో తెలియదని గదిలో వాళ్ళు నవ్వితే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇక క్రికెట్. బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ గ్రౌండులో కార్మికుల జట్టుకు ఆడినవాణ్ణి కాబట్టి, ఉమ్ సయీద్‌లో ఎండ విరిగి ఆటల కాలం మొదలయ్యేసరికి నేను మా క్యాంపు జట్టులో మొదటి బ్యాట్స్‌మన్నయ్యాను. మా కెప్టెను హైదరాబాద్ పాతబస్తీ మనిషి, పైపు ఫిట్టర్ల ఫోర్‌మన్, అందరికీ భాయ్. గ్రౌండు మేమే చేసుకున్నాం. చవుడు మీద గులకమట్టి పోసి, నీళ్ళ ట్యాంకరుతో తడిపి, కాంక్రీటు నింపిన లావుపాటి పైపును ఎనిమిది మందిమి లాగి చదును చేసి, దాని మీద కొబ్బరి పీచు చాపను లాగి లాగి మేకులు కొట్టేవాళ్ళం. చాప ఎంత బిగువుగా ఉంటే బంతి అంత నిజాయితీగా లేస్తుందని భాయ్ సిద్ధాంతం. బౌండరీకి తెల్ల రంగు పూసిన చమురు పీపాలు. మధ్యాహ్నం జుమ్మాకు ఆట ఆపేవాళ్ళం, నమాజు చేసేవాళ్ళు వెళ్ళి వచ్చేదాకా మిగతా వాళ్ళం వదులైన మేకులు మళ్ళీ కొట్టేవాళ్ళం. మేకులు కొట్టడానికి మాత్రం ఎప్పుడూ నన్నే పిలిచేవాళ్ళు, హెల్పరుని కదా.

ఆ ఆటలన్నిటికీ పెద్ద, ప్లాంటు వైపు ఇంగ్లండు ఇంజనీరు ఒకాయన. దొర అనేవాళ్ళం. మంచివాడే, కానీ ఆయన మంచితనం కుర్చీలోంచి లేచేది కాదు. వాళ్ళ తాతల కాలంలో, రాణీగారి రోజుల్లో, వాళ్ళ జిల్లా క్రికెట్ క్లబ్బులో జీతం తీసుకుని ఆడేవాళ్ళకు ఒక గేటు, పెద్దింటి వాళ్ళకు ఇంకో గేటు ఉండేదని, ఒకే జట్టుగా ఆడి వేరు వేరు గేట్ల నుంచి మైదానంలోకి వచ్చేవాళ్ళని, ఎండాకాలమంతా ఊరూరు తిరిగి ఆడి శీతాకాలం వస్తే జీతగాళ్ళు మళ్ళీ బొగ్గు గనుల్లోకి పోయేవాళ్ళని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. భాయ్ అది మాకు హిందీలో చెప్పి, "మనకు గేట్లు లేవు మియా, గోడే లేదు గదా!" అన్నాడు. గోడ లేకపోయినా సీనియర్ స్టాఫుకు టీ పింగాణీ కప్పుల్లో వచ్చేది, మాకు స్టీలు గ్లాసుల్లో పాలు లేని సులేమానీ. స్కోరు పుస్తకంలో వాళ్ళ పేర్ల ముందు మిస్టర్ అని రాసి, మాకు పేరు బదులు బ్యాడ్జి నంబరు రాసేవాళ్ళు. ఆ ఏడు నేను కొట్టిన పరుగులన్నీ ఒక నంబరు కొట్టింది. దొర దగ్గరికి పోయి పేరు రాయమని అడిగాను. రెండుసార్లు. ఆయన నవ్వి తల ఊపాడు. తరవాతి వారం కూడా నంబరే.

బావ కూడా మా జట్టులోనే ఉండేవాడు, చివరి నుంచి రెండో బ్యాట్స్‌మన్. ఆయన ఆట చెప్పుకోదగ్గది కాదు. పరుగుకు పిలిస్తే కదిలేవాడు కాదు, అటు వైపు వాడు సగం దూరం వచ్చి నిలబడిపోయేవాడు. నన్నే అలా రెండుసార్లు రనౌట్ చేశాడు. భాయ్ తిట్టేవాడు, బావ చెప్పులో రాయి పడ్డట్టు కాలు దులుపుకుని ఊరుకునేవాడు. అందుకే బ్యాటింగులో పనికిరాని మనిషిని అంపైరింగుకు వాడుకునేవాళ్ళు. మన జట్టు బ్యాటింగు చేస్తే మన అంపైరే కదా, ఎల్బీడబ్ల్యూ అంటూ గొంతు చించుకున్నా మన అంపైరు వేలు జేబులోనే ఉండాలని అందరి ధీమా. అన్ని జట్లూ అంతే చేసేవి. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి ప్లాంటు పని చివరికి వచ్చింది. కట్టడం అయిపోతే కాంట్రాక్టు కంపెనీ విసాలు ముగుస్తాయి, మమ్మల్ని విమానాలెక్కించి పంపేస్తారు. అదే సమయంలో దొర భాయ్‌తో ఒక మాట చెప్పాడు. ప్లాంటు తన సొంత మనుషులను పెట్టుకుంటోంది, స్టోర్సులో హెల్పరు ఉద్యోగం ఒకటి ఉంది, దోహాలో క్లబ్బుల పోటీలు ఆడే తన జట్టుకు గట్టి బ్యాట్స్‌మన్ కావాలి, సీజను ఆఖరి ఆటకు తాను కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, నచ్చినవాణ్ణి తీసుకుంటాడు. ఆ ఆఖరి ఆటలో మొదటి బ్యాట్స్‌మన్ని నేను. నేను వచ్చి పది నెలలైంది. పది నెలలకే తిరిగిపోతే మా ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు. దుబాయ్‌ల నిలువలేకపోయిండట అంటారు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు అది దుబాయే, నిలవలేనివాడు నిలవలేనివాడే.

ఆ శుక్రవారం ఉత్తరం గాలి పొద్దుటి నుంచే ఈలలు వేస్తోంది. అవతలి జట్టు క్రేన్ల వాళ్ళది. వాళ్ళ బౌలరు ఒక పఠాను. క్రేనులో కూర్చున్నప్పుడు ఎంత నెమ్మదో, చేతిలో బంతి ఉంటే అంత భయంకరుడు. ఆట మొదలయ్యే ముందు భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, కన్నుగీటి చెప్పాడు.

"పఠాన్ వేసే కొస్సకు నీ బావను నిలబెట్టిన మియా. ఖుద్ జీజాజీ అంపైరు! డర్‌నా నక్కో, భయపడకు, కాలు అడ్డం పెట్టి ఆడు."

ప్యాడు కట్టుకుంటున్న ఇంకొకడు అందుకున్నాడు. "అక్కను ఇచ్చుకున్నది ఇయ్యాల పనికొచ్చింది పో!"

నేను కూడా నవ్వాను. ఇన్నేళ్ళలో ఆ నవ్వు ఒక్కటే నాకు నా మీద కోపం తెప్పించేది.

ఆ రోజు నేను ఆడినట్టు మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. చాప మీద బంతి ఛాతీ ఎత్తు లేస్తోంది, దుమ్ము కళ్ళల్లో పడుతోంది, అయినా బంతి నాకు బత్తాయి పండంత కనబడింది. అటు వైపు ఒకడొకడే వచ్చి పోతున్నారు, నేను ముప్ఫై దాటి, నలభై దాటి నిలబడ్డాను. దొర కుర్చీని కాస్త ముందుకు జరుపుకోవడం నేను కంటి కొసన చూశాను. ఇంకొక్క అరగంట నిలబడితే ఉద్యోగం నాదేనని నా ఒళ్ళంతటికీ తెలిసిపోయింది. అప్పుడు పఠాను వేసిన ఒక బంతి లోపలికి దూసుకొచ్చింది. నా బ్యాటు లోపలి అంచును తాకి, ఆ తాకిడి నా రెండు ముంజేతులకూ తెలిసేంతగా తాకి, ప్యాడుకు కొట్టుకుని కింద పడింది. పఠాను చేతులెత్తి అరిచాడు. అతని వెనక అతని క్యాంపంతా అరిచింది. బ్యాటుకు తాకాక ఎల్బీడబ్ల్యూ లేదు కాబట్టి నేను నిశ్చింతగా చాప మీది దుమ్మును బ్యాటుతో తడుతున్నాను. తల ఎత్తేసరికి బావ వేలు పైకి లేచి ఉంది.

"బావా, బ్యాటుకు తాకింది!" అన్నాను.

బావ నా వైపే చూస్తున్నాడు. ముఖంలో ఏ కదలికా లేదు. వేలు దిగలేదు. స్క్వేర్ లెగ్గులో మా క్యాంపు మనిషే ఇంకో అంపైరు ఉన్నాడు, తాకినట్టు అతను తల కూడా ఊపుతున్నాడు, ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. నేను కదిలేదాకా ఆ వేలు జెండా కర్రలా అలాగే నిలిచి ఉంది. నేను పీపాలు దాటుతుంటే దొర లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నా ఆటకేననుకున్నాను.

సాయంత్రం టీ దగ్గర పఠాను తానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "బ్యాట్ లగా థా, భాయ్" అన్నాడు తలవంచుకుని. బ్యాటుకు తగిలింది, అడగడం నా పని, ఇవ్వడం ఆయన పని అని తన హిందీలో చెప్పి, తన వంతు చెంచాడు చక్కెర నా గ్లాసులో వేసిపోయాడు. శత్రువుకున్న పాటి న్యాయం సొంత బావకు లేకపోయింది. చాప చుడుతున్న బావ దగ్గరికి నేరుగా పోయి, ముఖంలో ముఖం పెట్టి అడిగాను, ఎందుకిచ్చినవని. ఆయన చాప మీది నుంచి చెయ్యి తియ్యకుండా ఒక్కటే మాటన్నాడు.

"నాకు కనవడ్డది నేనిచ్చిన."

తరవాతి వారం మెస్సు గోడ మీద ప్లాంటు తీసుకునే వాళ్ళ జాబితా అంటించారు. అందులో స్టోర్సు హెల్పరు దగ్గర మా బావ బ్యాడ్జి నంబరు ఉంది. క్యాంపంతా నమ్మలేకపోయింది. దొర మనసు తిరిగింది ఎక్కడో భాయ్ కనుక్కొచ్చాడు. బ్యాట్స్‌మన్లు ఎక్కడైనా దొరుకుతారు గానీ, అందరూ చూస్తుండగా భార్య తమ్ముడికే ఔటిచ్చిన మనిషి కాపలా ఉంటే స్టోర్సు నుంచి ఒక్క బోల్టు కూడా బయటికి పోదు అన్నాడట. అంటే ఆ చప్పట్లు నాకు కాదు. నన్ను ముంచిన వేలే ఆయనకు ఉద్యోగమిచ్చింది. బావ ఆ స్టోర్సులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు, చీటీ తీసుకోవడం, సామాను ఇవ్వడం. నేను మార్చిలో విమానమెక్కాను. విమానాశ్రయానికి ట్రక్కు కదిలేటప్పుడు బావ వచ్చి పక్కన నడిచాడు. నేను ఏదో అన్నాను, మంచి మాట కాదు. ఆయన "ఆఁ, ఆఁ, పదిలం" అన్నాడు. నా మాటకు జవాబు కూడా ఇవ్వలేదని ఆ ప్రయాణమంతా రగిలిపోయాను.

ఊళ్ళో రెండేళ్ళు నేను అనుకున్నట్టే గడిచాయి. తరవాత ఇంకో విసా మీద వచ్చి, అల్ రయ్యాన్‌లో ఇళ్ళ పనుల్లో చేరి, మేస్త్రీనై, పద్దెనిమిదేళ్ళు ఇతరుల గోడలు కట్టాను. ఉమ్ సయీద్‌కు గంట దూరం. ఒక్కసారి కూడా పోలేదు. పెళ్ళిళ్ళలో కలిస్తే వేరే బంతిలో కూర్చునేవాణ్ణి. బావ వచ్చి పక్కన కూర్చోబోతే లేచిపోయేవాణ్ణి. ఆయన మాత్రం ఎప్పుడూ నొచ్చుకున్నట్టు కనిపించలేదు, ఎవరేమన్నా నవ్వుతూ తల ఊపే మనిషైపోయాడు. ఆ నవ్వు కూడా నా లెక్కలో ఒకటి. బ్యాటు చప్పుడు విన్నాడు, విని కూడా మంచివాడనిపించుకోవడానికి నన్ను బలిచ్చాడు. వినేవాళ్ళు దొరికితే చాలు, నేను ఈ కేసు పెట్టేవాణ్ణి. మా ఆవిడకు ఆ ఓవరులో ప్రతి బంతీ కంఠతా వచ్చు.

అందుకే మొన్న మధ్యాహ్నం ఆ గాలి నన్ను పడుకోనివ్వలేదు. నేను నిలబడ్డ చోటే బావ నిలబడ్డాడు. గాలి వీపు మీది నుంచే కొట్టింది. నా చెవులు బాగున్నా నాకు వినపడలేదు. ఒప్పుకోవడం నాకు చాలా కష్టమైంది గానీ, ఆయనకు కూడా వినపడి ఉండదేమో. కానీ వినపడకపోతే అడగొచ్చు కదా, స్క్వేర్ లెగ్గువాడు తల ఊపుతూనే ఉన్నాడు కదా. అక్కడే నా కేసు ఇంకా నిలబడి ఉంది. సాయంత్రం మెట్‌పల్లికి మా అక్కకు ఫోను చేశాను. నిజం చెప్పాలంటే ఆ స్లిప్పు కుర్రాడి మీద, మా అల్లుడి భుజాల మీద ఫిర్యాదు చెయ్యడానికే చేశాను. మాటల్లో గాలి సంగతి వచ్చింది. మా అక్క మధ్యలోనే అందుకుంది.

"గాలెందుకురా? గప్పటికే ఆయనకు ఎడమ చెవు మొత్తం పోయింది. కుడిది సగం."

నేను ఎప్పటికని అడిగాను.

"నువ్వు పోకముందే. మొదటి సెలవుకొచ్చినప్పుడే నేను గుర్తువట్టిన. ఆ కంప్రెసర్ కాడ పొద్దుమూకులు నిలవడితె చెవులుంటయారా? ఎవ్వలకన్న తెలిస్తె కంపెనోడు అన్‌ఫిట్ అని పంపిచ్చేస్తడని నాతోని ఒట్టేయించుకున్నడు. అందుకేగద నేను క్యాసెట్ల గట్ల మొత్తుకునేది!"

"నాకెందుకు చెప్పలే అక్కా? నేను బామ్మర్దినే కదా."

"నీకే చెప్పద్దన్నడు ముందుగాల. నీకు కోపమొస్తె నడిబజార్ల నిలవడి ఒర్రుతవు. కోపం రాంది నీకు ఏ రోజు?"

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రోజు స్క్వేర్ లెగ్గువాణ్ణి అడగాలని బావకు తోచక కాదట. అడిగితే అవతలివాడు అంత దూరం నుంచి చెప్పే జవాబు వినపడాలి కదా, దొర ముందు రెండోసారి, మూడోసారి ఏమన్నవు, ఏమన్నవు అనాలి కదా. అందుకని కళ్ళకు ఏది కనబడితే అది ఇచ్చేశాడట. కనబడింది బంతి ప్యాడుకు తగలడమే. సెలవుకు వచ్చినప్పుడు ఒకసారి, ఒక్కసారే, వాని బ్యాటుకు తాకిందో లేదో నాకు ఇప్పటికీ తెల్వదే అని అన్నాడట.

మెస్సు వరుసలో తిరగని తల, చుట్టూ తిరిగి వచ్చి కూర్చోవడం, చెంపకు ఆనించుకున్న టేప్ రికార్డరు, పరుగుకు పిలిస్తే కదలని కాళ్ళు, ట్రక్కు పక్కన నడుస్తూ "ఆఁ, ఆఁ, పదిలం". నలభై అయిదేళ్ళు ఒక్కొక్కటిగా పోగేసి పెట్టుకున్న నా సాక్ష్యాలన్నీ లేచి అవతలి పక్కకు పోయి నిలబడ్డాయి. మనిషి అలిసిపోవడం అంటే నాకు అప్పుడు తెలిసింది. 

మా అక్క మనవరాలు ఫోనును వీడియోకు మార్చి బావ ముందు పెట్టింది. చూసి ఏడేళ్ళైంది. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు, ముఖం చిన్నదైపోయింది. ఇప్పుడు కుడి చెవి కూడా వినపడదట. మధ్యాహ్నం పడుకుని లేచాక ఆ తెల్ల టోపీనే మళ్ళీ నెత్తిన పెట్టుకున్నానని ఆయన చూపును బట్టి తెలిసింది. టోపీని చాలాసేపు చూశాడు. చూసి, నవ్వాడు. నవ్వి, చెయ్యి మెల్లగా పైకెత్తి, చూపుడు వేలు నిలబెట్టాడు.

నేను తల అడ్డంగా ఊపాను. నాటౌట్. ఎన్నేళ్ళైనా నాటౌటే, అది మాత్రం నేను వదలను. ఆయన వేలు దించలేదు, ఆ రోజులాగే. మా ఇద్దరినీ చూసి మనవరాలు నవ్వుతోంది. కాసేపటికి ఆయన ఆ చేతినే కుడి చెవి వెనక పెట్టుకుని, చెప్పు అన్నట్టు ముందుకు వంగాడు. ఇన్నేళ్ళూ వినేవాళ్ళ కోసం ఊరూరూ వెతికినవాణ్ణి, అప్పుడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

మా పీచు చాప పరిచిన నేల ఇప్పుడు ఏ ట్యాంకు కింద ఉందో తెలియదు. ఆటలో ఇప్పుడు బంతి బ్యాటును తాకిందో లేదో తేల్చడానికి ఎక్కడికక్కడ కెమెరాలు, మైకులు వచ్చాయి, ఎవరి బావా ఎవరికీ అన్యాయం చెయ్యనక్కర లేదు. ఇప్పుడు ఏ ప్లాంటు గేటు లోపలికి పోవాలన్నా చెవులకు మూతలు పెట్టుకోనిదే పోనివ్వరని, పెట్టుకోకపోతే మనిషినే బయటికి పంపుతారని మా అల్లుడు చెబుతాడు. మా రోజుల్లో కంప్రెసరు దగ్గర చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఉండేది. అది కూడా ఫోర్‌మన్ని అడిగి తీసుకోవాలి, ఇవ్వకపోతే మళ్ళీ అడగాలి, అరిచి అయినా తీసుకోవాలి. బావ అడిగే మనిషి కాదు. అడిగే మనిషిని నేను. ఆయన పక్కనే పది నెలలు తిన్నాను, పడుకున్నాను. ఆ దూది ఒక్కటి మాత్రం ఆయన కోసం అడగాలని నాకు తోచలేదు.